నమ్మి చదివినవాళ్ల నిరాశ: దారితప్పిన అమెరికన్ కామిక్స్ ధారావాహికలపై ఒక సమీక్ష

ఓ కామిక్స్ పుస్తకం బాగా లేకపోతే పాఠకుడు పక్కన పడేసి ఊరుకుంటాడు. నెలల తరబడి ఎదురుచూసిన ధారావాహిక చెడిపోతే మాత్రం ఊరుకోడు, ఏళ్లు గడిచినా దాని గురించి వాదిస్తూనే ఉంటాడు. అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్‌లో ఇలాంటి వాదాలు ఇప్పుడు ఒక పెద్ద చిక్కుముడిగా తయారయ్యాయి. స్పైడర్‌మ్యాన్ ‘క్లోన్ సాగా’ నుంచి ‘హీరోస్ ఇన్ క్రైసిస్’ దాకా ప్రతి నిరాశకూ కారణం చెప్పేవాళ్లు ఉన్నారు. ఒకరు వ్యాపారాన్ని తప్పుపడతారు, ఒకరు ఎడిటర్లను, ఒకరు రచయితలను. ఇంకొందరు తప్పంతా పాఠకుల మీదే వేస్తారు.

వారపత్రికలో సీరియల్ నవల కోసం వారమంతా ఎదురుచూసిన తరం తెలుగువాళ్లకు ఈ బాధ కొత్తేమీ కాదు. అయితే మన సీరియల్‌కు ఒక రచయిత, ఒక ముగింపు ఉండేవి. స్పైడర్‌మ్యాన్ 1962లో, సూపర్‌మ్యాన్ 1938లో మొదలయ్యారు. ఇప్పటికీ వాళ్ల కథ ముగియలేదు. చెయ్యి మారుతూ సాగే కథలో నిరాశ ఎక్కడ పుడుతుంది? దానికి బాధ్యత ఎవరిది? ఏ నిరాశ కాలంతో మానుతుంది, ఏది మానదు? ఈ మూడు ప్రశ్నల మీద ఇప్పటిదాకా జరిగిన చర్చను ఒకచోట చేర్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

నిరాశలో రకాలు

చర్చ చిక్కుపడటానికి మొదటి కారణం, వేర్వేరు నిరాశలను ఒకే గాటన కట్టడం. విడదీసి చూస్తే నాలుగు రకాలు కనిపిస్తాయి. మొదటిది సాగదీత: నాలుగు నెలల్లో ముగియాల్సిన కథను రెండేళ్లు లాగడం. రెండోది చెరిపివేత: పాఠకులు ఏళ్లుగా చదివినదాన్ని జరగనేలేదని ప్రకటించడం. మూడోది వాయిదా: సంచికలు నెలల తరబడి ఆలస్యం కావడం, లేదా కథ మధ్యలోనే ఆగిపోవడం. నాలుగోది పాత్రభంగం: ఇష్టపడ్డ పాత్ర చేత, ఆ పాత్ర ఎన్నటికీ చెయ్యదనుకున్న పని చేయించడం.

ఈ నాలుగింటికీ మూలాలు వేరు, మందులు వేరు. ఒకే ధారావాహికలో రెండు మూడు రకాలు కలిసిన సందర్భాలూ ఉన్నాయి. అలాంటివే పాఠకుల జ్ఞాపకంలో ఎక్కువకాలం నిలిచాయి.

నేపథ్యం: దుకాణం, ఓటు, ఉన్మాదం

1970ల దాకా అమెరికాలో కామిక్స్ పత్రికల స్టాళ్లలో అమ్ముడయ్యేవి. మిగిలిన కాపీలను స్టాల్ యజమాని తిరిగి పంపేయవచ్చు. 1970ల మొదట్లో ఫిల్ సూలింగ్ అనే వ్యాపారి ప్రచురణ సంస్థలతో కొత్త ఒప్పందం చేసుకున్నాడు. ఎక్కువ డిస్కౌంట్ మీద సరుకు కొంటాం, మిగిలినా వాపసు ఇవ్వం అన్నది దాని సారాంశం. కామిక్స్‌కే ప్రత్యేకమైన దుకాణాలు అలా విస్తరించాయి. ఈ పద్ధతిలో దుకాణదారుడు పుస్తకం చూడకుండానే, అది రావడానికి నెలల ముందే, ప్రకటన చదివి ఆర్డరు పెట్టాలి. కాబట్టి ప్రచురణ సంస్థ లెక్కల్లో అమ్మకమంటే దుకాణం చేసిన ఆర్డరే. పాఠకుడి తృప్తి ఆ లెక్కలోకి వెంటనే రాదు. తర్వాతి కథంతా అర్థం కావాలంటే ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి.

1988లో డీసీ సంస్థ పాఠకులకు నేరుగా తీర్పు అప్పగించింది. బ్యాట్‌మ్యాన్ అనుచరుడు రాబిన్‌గా అప్పుడున్న జేసన్ టాడ్ బతకాలా, చావాలా అన్నది ఫోన్ ఓటుతో తేల్చమంది. ఒక్కో ఫోనుకు 50 సెంట్లు. చావాలని 5,343 ఓట్లు, బతకాలని 5,271 ఓట్లు పడ్డాయి. 72 ఓట్ల తేడాతో ఒక పాత్ర చనిపోయింది. ఒకే మనిషి పదిసార్లు ఫోన్ చేసే వీలున్న ఓటు అది. కథ విషయంలో పాఠకుల అభిప్రాయాన్ని లెక్కగట్టడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. 2005లో జేసన్ మళ్లీ బతికి వచ్చాడు.

1990ల మొదట్లో పరిస్థితి మారిపోయింది. పాత కామిక్స్ వేలంలో భారీ ధర పలుకుతున్నాయన్న వార్తలతో, చదవడానికి కాకుండా దాచుకోవడానికి కొనేవాళ్లు పెరిగారు. 1991లో క్రిస్ క్లేర్‌మాంట్, జిమ్ లీ చేసిన ‘ఎక్స్-మెన్’ మొదటి సంచిక వేర్వేరు ముఖచిత్రాలతో 80 లక్షలకు పైగా కాపీలు వెళ్లింది. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ మరణించిన 75వ సంచిక నల్ల సంచిలో సీలు చేసి వచ్చింది, 60 లక్షల కాపీలు దాటింది. మరుసటి ఏడాదే సూపర్‌మ్యాన్ తిరిగొచ్చాడు. అరుదైన వస్తువని కొన్నది లక్షల ఇళ్లలో ఉందని కొన్నవాళ్లకు అర్థమయ్యేసరికి బజారు కుప్పకూలింది. వాపసు ఇవ్వలేని సరుకుతో దుకాణాలు మూతపడ్డాయి. 1996 డిసెంబరులో మార్వెల్ సంస్థే దివాలా రక్షణ కోరింది.

క్లోన్ సాగా: సాగదీతకు పాఠ్యపుస్తకం

ఈ పతనం మధ్యలోనే నడిచింది క్లోన్ సాగా. దాని బీజం 1975లో ఉంది. అంతకు రెండేళ్ల ముందు, 1973లో, స్పైడర్‌మ్యాన్ అసలు రూపమైన పీటర్ పార్కర్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ చనిపోయింది. రచయిత జెర్రీ కాన్వే 1975లో ఆమె క్లోన్‌నూ, పీటర్ క్లోన్‌నూ కథలోకి తెచ్చాడు. పీటర్ క్లోన్ చనిపోయాడని ఆ కథ ముగిసింది. 1994లో, ఆ క్లోన్ చావలేదు, బెన్ రైలీ అన్న పేరుతో బతుకుతున్నాడన్న ఆలోచనతో కొత్త కథ మొదలైంది.

మొదట అనుకున్నది కొద్ది నెలల కథ. ప్రతి నెలా నాలుగు స్పైడర్‌మ్యాన్ పుస్తకాలు వచ్చేవి, కథ వాటన్నింటిలోనూ తిరిగేది. ఒకటి కొనేవాడు నాలుగూ కొనాలి. అమ్మకాలు పెరిగాయి. పెరిగిన కొద్దీ ముగింపు వెనక్కి జరిగింది. అదే సమయంలో మార్వెల్ ఒకే ప్రధాన సంపాదకుడి పద్ధతి తీసేసి, పుస్తకాలను అయిదు విభాగాలుగా చేసి ఒక్కో విభాగానికి ఒక్కో పెద్దను పెట్టింది. కొంతకాలానికి ఆ ఏర్పాటూ రద్దయింది. ఎడిటర్ మారినప్పుడల్లా ముగింపు మారింది.

1995 మధ్యలో వచ్చిన మలుపు పాఠకులను నివ్వెరపరిచింది. ఇరవై ఏళ్లుగా వాళ్లు చదువుతున్న పీటరే క్లోన్ అని, బెన్ రైలీయే అసలు మనిషని కథ ప్రకటించింది. ఆ వార్త విన్న ఆవేశంలో పీటర్ గర్భవతి అయిన భార్య మేరీ జేన్‌ను కొట్టాడు. సాగదీత అక్కడితో చెరిపివేతగా, పాత్రభంగంగా మారింది. 1975 నుంచి చదివిన ప్రతి కథా, 1987లో జరిగిన పెళ్లితో సహా, నకిలీ మనిషి కథ అయిపోయింది. పాఠకుల నిరసన ఉత్తరాలతో సంస్థ వెనక్కి తగ్గింది. 1996 చివర్లో బెన్ క్లోనే అని తేల్చి, చంపేసి, ఈ కుట్రంతా 1973లో చనిపోయిన పాత విలన్ నార్మన్ ఆస్‌బర్న్ పని అని చెప్పి కథ ముగించారు. పీటర్, మేరీ జేన్‌ల బిడ్డ పుట్టుకతోనే దూరమైంది.

ఇదంతా చెత్తేనని కొట్టేయడం మాత్రం అన్యాయం. 1995లో వచ్చిన ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 400వ సంచికను జె.ఎం. డిమాటీస్ రాశాడు, మార్క్ బాగ్లీ బొమ్మలు వేశాడు. ముఖచిత్రం సమాధి రాయిలా బూడిదరంగులో ఉంటుంది. ఎంపైర్ స్టేట్ భవనం మీద నిలబడి, పీటర్‌ను పెంచిన మే పెద్దమ్మ అతనితో, నువ్వే స్పైడర్‌మ్యానని నాకు ఎప్పటినుంచో తెలుసని చెబుతుంది. తనకు అది గర్వకారణమనీ చెబుతుంది. ముప్పై ఏళ్లుగా దాగుడుమూతలాడిన రహస్యం రెండు మాటల్లో తేలిపోతుంది. తర్వాత ఆమె ఇంట్లో, తన మంచం మీద, పీటర్ పక్కనుండగా కన్నుమూస్తుంది. స్పైడర్‌మ్యాన్ కథల్లో ఉత్తమమైనవాటిలో దీన్ని లెక్కించేవాళ్లు చాలామంది.

1998లో మార్వెల్ ఆ మరణాన్నీ రద్దు చేసింది. చనిపోయింది మే పెద్దమ్మ కాదట, ఆస్‌బర్న్ కుదిర్చిన ఒక నటి అట. సాగాలో మంచిదని అందరూ ఒప్పుకున్న ఒక్క ఘట్టాన్ని కూడా మిగల్చకపోవడం ఆ పాఠకుల నిరాశకు పరాకాష్ఠ.

ఒక పెళ్లి, ఒక చెరిపివేత

2007లో వచ్చిన ‘వన్ మోర్ డే’ నిడివి నాలుగు సంచికలే. సాగదీత లేదు. అయినా దాని మీద కోపం క్లోన్ సాగా కంటే ఎక్కువకాలం నిలిచింది. తుపాకి గుండు తగిలి మే పెద్దమ్మ చావుబతుకుల్లో ఉంటే, ఆమె ప్రాణం కోసం పీటర్, మేరీ జేన్ తమ పెళ్లిని మెఫిస్టో అనే దయ్యానికి ధారపోస్తారు. ఆ పెళ్లి జరిగినట్టు ఇక ఎవరికీ గుర్తుండదు.

దీన్ని సమర్థించినవాళ్ల వాదన బలహీనమైనదేమీ కాదు. అప్పటి ప్రధాన సంపాదకుడు, ఈ కథకు చిత్రకారుడు కూడా అయిన జో కెసాడా ఆ వాదన స్పష్టంగా చెప్పాడు. పెళ్లి పీటర్‌ను పెద్దవాణ్ని చేసింది, విడాకులిప్పించినా భార్యను చంపినా ఇంకా పెద్దవాడవుతాడు, కాబట్టి పెళ్లే లేకుండా చేయాలి అన్నది ఆ వాదన. మరోవైపు రచయిత జె. మైఖేల్ స్ట్రాజిన్‌స్కీ ముగింపుతో తనకు ఏకీభావం లేదనీ, చివరి సంచికల మీద తన పేరు తీసేయమని ఒక దశలో అడిగాననీ బహిరంగంగానే చెప్పాడు.

2008 నుంచి పత్రిక నెలకు మూడుసార్లు వచ్చింది. ఆ తర్వాతి కథల్లో మంచివి చాలా ఉన్నాయని విమర్శకులు ఒప్పుకున్నారు. అయినా గాయం మానలేదు. 2024లో జొనాథన్ హిక్‌మన్, మార్కో చెక్కెట్టో వేరే లోకంలో పీటర్‌ను పెళ్లయి ఇద్దరు పిల్లలున్న తండ్రిగా చూపిన ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’ మొదలుపెడితే పాఠకులు ఎగబడి కొన్నారు. పెళ్లయిన స్పైడర్‌మ్యాన్‌ను పాఠకులు ఆదరించరన్న వాదనకు ఇది గట్టి జవాబే. ప్రధాన ధారావాహికలో మాత్రం ఆ పెళ్లి తిరిగి రాలేదు.

వాయిదాలు, అసంపూర్తి కథలు

వాయిదా రకం నిరాశలో కథ నాణ్యతకు పాత్ర తక్కువ. 1993లో వాలియంట్, ఇమేజ్ సంస్థలు కలిసి ‘డెత్‌మేట్’ తెచ్చాయి. వాలియంట్ వంతు సంచికలు వేళకు వచ్చాయి, ఇమేజ్ వంతువి నెలల ఆలస్యంగా వచ్చాయి. అప్పటికి మోజు పోయింది, ముందే ఆర్డరు పెట్టిన దుకాణాల దగ్గర కట్టలు మిగిలిపోయాయి. డేమన్ లిండెలోఫ్ రాసిన ‘అల్టిమేట్ వుల్వరిన్ వర్సెస్ హల్క్’ రెండో సంచిక 2006లో వస్తే మూడోది 2009లో వచ్చింది. జెఫ్ జాన్స్, గ్యారీ ఫ్రాంక్‌ల ‘డూమ్స్‌డే క్లాక్’ 2017 నవంబరులో మొదలైంది. అది మిగతా డీసీ కథల కంటే ఏడాది ముందు నడుస్తుందని, అది ముగిసేసరికి మిగతావి దాన్ని అందుకుంటాయని చెప్పారు. పన్నెండు సంచికలు 2019 డిసెంబరుకు గానీ పూర్తికాలేదు. ఈలోగా మిగతా కథలు వేరే దారిలో వెళ్లిపోయాయి.

పూర్తిగా ఆగిపోయినవి మరో వరస. అలన్ మూర్, బిల్ సింకెవిచ్‌ల ‘బిగ్ నంబర్స్’ పన్నెండు సంచికలు అనుకుంటే 1990లో రెండు వచ్చాయి. మూర్ మరో బృందంతో 1993లో తెచ్చిన ‘1963’ ఆరు సంచికలు నడిచింది, కథను ముగించాల్సిన ప్రత్యేక సంచిక రానేలేదు. ఫ్రాంక్ మిల్లర్, జిమ్ లీల ‘ఆల్ స్టార్ బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్’ 2005 నుంచి 2008 దాకా పది సంచికలతో ఆగింది. 1993లో ప్రచురణ సంస్థ కుదేలై ఆగిపోయిన ‘మిరాకిల్‌మ్యాన్’లో నీల్ గైమన్ కథ హక్కుల చిక్కులన్నీ దాటి 2022లో తిరిగి మొదలైంది. ఆలస్యమైనా కథ అందింది కాబట్టి దాని విషయంలో కోపం కంటే ఊరటే ఎక్కువ.

పాత్రభంగం

గ్రీన్ లాంటర్న్‌గా మూడు దశాబ్దాలు నడిచిన హాల్ జోర్డన్ 1994లో మూడు సంచికల వ్యవధిలో హంతకుడయ్యాడు. తన ఊరు నాశనమైన దుఃఖంలో సహచరుల్నే చంపాడు. ముందు వేరే రచయిత సిద్ధం చేసిన కథను పక్కనపెట్టి రాన్ మార్జ్ చేత రాయించిన మలుపు అది. అమ్మకాలు మందగించిన పుస్తకానికి కైల్ రేనర్ అనే కొత్త కుర్రవాడు హీరోగా వచ్చాడు. పాత అభిమానులు సంఘం పెట్టి ఉద్యమం నడిపారు. కొత్తగా చేరినవాళ్లకు కైలే అసలు గ్రీన్ లాంటర్న్. 2004లో మొదలైన ‘రీబర్త్’లో జెఫ్ జాన్స్, హాల్ చేత ఆ పనులు చేయించింది ఒక భయపిశాచమని చెప్పి అతణ్ని వెనక్కి తెచ్చాడు. కైల్‌ను మాత్రం తుడిచేయలేదు.

ఇదే కైల్ కథలో అతని ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో పెట్టిన ఘట్టం వచ్చింది. 1999లో గెయిల్ సిమోన్ దాన్ని ఉదాహరణగా తీసుకుని, మగ హీరోల బాధ కోసం బలైపోయిన స్త్రీ పాత్రల పట్టిక తయారుచేసింది. నిరాశపడ్డవాళ్లంటే పాత అభిమానులే అనుకునే అలవాటును ఆ పట్టిక ప్రశ్నించింది. కోపం చూపించకుండా చదవడం మానేసినవాళ్లూ ఉన్నారని, వాళ్లలో మహిళలు ఎక్కువని అక్కడినుంచి చర్చలోకి వచ్చింది.

ఇటీవలి ఉదాహరణ వాలీ వెస్ట్‌ది. 2016 మే నెలలో వచ్చిన ‘డీసీ యూనివర్స్: రీబర్త్’లో ఫ్లాష్ పాత్రల్లో ఒకడైన వాలీని లోకమంతా మరచిపోయి ఉంటుంది. చివరికి మరో ఫ్లాష్ అయిన బ్యారీ ఆలెన్ అతణ్ని గుర్తుపట్టి గుండెలకు హత్తుకుంటాడు. డీసీ తన పాఠకులకు చెప్పిన క్షమాపణగా ఆ పేజీని చాలామంది చదివారు. మూడేళ్లు తిరగకముందే, 2018లో మొదలైన టామ్ కింగ్ ‘హీరోస్ ఇన్ క్రైసిస్’లో, అదే వాలీ మనోవేదనతో అదుపు తప్పి తోటి హీరోల చావుకు కారణమయ్యాడు, పైగా దాన్ని దాచాడు. 2021లో మరో రచయిత వాలీని నిర్దోషిగా తేల్చాల్సి వచ్చింది. 2016లోనే మార్వెల్ కెప్టెన్ అమెరికాను, నాజీలతో ముడిపడ్డ హైడ్రా అనే దుష్ట సంస్థ రహస్య మనిషిగా చూపడం కూడా ఇంతే దుమారం రేపింది. నాజీలకు వ్యతిరేకంగా 1941లో జో సైమన్, జాక్ కర్బీ అనే ఇద్దరు యూదు యువకులు సృష్టించిన పాత్ర అది.

నాలుగు వాదాలు

వ్యాపారవాదం ప్రకారం నిరాశకు మూలం అమ్మకాల పద్ధతిలోనే ఉంది. వాపసు లేని ఆర్డరు, నెలనెలా ఒక సంచలనం, నాలుగు పుస్తకాలకు పాకించిన కథ, ఇవన్నీ కలిస్తే క్లోన్ సాగా పుట్టక తప్పదు. ఈ వాదం సాగదీతను బాగా వివరిస్తుంది. ‘వన్ మోర్ డే’ను వివరించలేదు, ఎందుకంటే ఆ నిర్ణయం ఒక నెల లాభం కోసం తీసుకున్నది కాదు.

సంపాదకవాదం తప్పు పైనుంచి వచ్చిన ఆదేశానిదంటుంది. రచయిత ఒప్పుకోని ముగింపు పాఠకుడూ ఒప్పుకోడన్నది దీని సూత్రం. 1991లో డీసీ ‘ఆర్మగెడాన్ 2001’లో విలన్ ఎవరన్నది ముందే పొక్కిందని చివరి నిమిషంలో కెప్టెన్ ఆటమ్ బదులు హాక్‌ను విలన్ చేశారు. అప్పటిదాకా వేసిన ఆధారాలన్నీ వృథా అయ్యాయి. ఈ వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. కాకపోతే కామిక్స్‌లో గొప్ప కథలు చాలా వరకు గట్టి ఎడిటర్ల చేతిమీదుగానే వచ్చాయన్నదీ అంతే నిజం.

రచయితవాదం పెద్ద పేర్ల వైపు వేలు చూపుతుంది. 1986లో ‘ద డార్క్ నైట్ రిటర్న్స్’తో చరిత్ర సృష్టించిన ఫ్రాంక్ మిల్లరే 2001-02లో ‘ద డార్క్ నైట్ స్ట్రైక్స్ ఎగైన్’ చేశాడు. దాని మీద ఎడిటర్ పెత్తనమూ లేదు, సాగదీతా లేదు. రచయితకు పూర్తి స్వేచ్ఛ ఇస్తే నిరాశ ఉండదన్న నమ్మకాన్ని ఆ పుస్తకం దెబ్బతీసింది. అందులో మిల్లర్ కావాలనే పాత పుస్తకాన్ని ధిక్కరించాడనీ, కాలం గడిచాక దాన్ని మెచ్చుకునేవాళ్లు పెరిగారనీ చెప్పాలి.

పాఠకవాదం అద్దం తిప్పి చూపిస్తుంది. పాత్ర మారకూడదు, కథ మాత్రం కొత్తగా ఉండాలి అని కోరేది పాఠకులే కదా అంటుంది. మార్పు జరిగినట్టు కనిపించాలి గానీ జరగకూడదన్న భావన మార్వెల్‌లో చాలాకాలంగా ఉంది. 2012 చివర్లో పీటర్ శరీరంలోకి విలన్ డాక్టర్ ఆక్టోపస్ మనసు చేరిందనగానే రచయిత డాన్ స్లాట్ మీద పాఠకులు మండిపడ్డారు. 2013లో మొదలైన ‘సుపీరియర్ స్పైడర్‌మ్యాన్’ చదివాక అదే పాఠకుల్లో చాలామంది దానికి అభిమానులయ్యారు. చదవకముందు వచ్చే కోపాన్ని నిరాశగా లెక్కించకూడదని ఈ అనుభవం చెబుతుంది.

ఒక్క చూపులో

- సాగదీత (క్లోన్ సాగా): మూలం అమ్మకాల లెక్క. మానడానికి పట్టిన కాలం మధ్యస్థం. 2009లో అసలు అనుకున్న రూపంలో ఆరు సంచికల్లో మళ్లీ చెప్పారు. బెన్ రైలీకి ఇప్పుడు సొంత అభిమానులున్నారు.
- చెరిపివేత (వన్ మోర్ డే): మూలం సంపాదక నిర్ణయం. పద్దెనిమిదేళ్లు దాటినా మానలేదు.
- వాయిదా (డూమ్స్‌డే క్లాక్, 1963): మూలం పని ఒత్తిడి, అంచనా లోపం, హక్కుల గొడవ. కథ పూర్తయితే త్వరగా మానుతుంది, కాకపోతే ఖాళీగానే మిగులుతుంది.
- పాత్రభంగం (హాల్ జోర్డన్, వాలీ వెస్ట్): మూలం సంచలనం మీద మోజు. మరో రచయిత శ్రద్ధగా సరిదిద్దితే మానుతుంది.

లెక్కకు లొంగని ఉదాహరణలు

గతాన్ని ముట్టుకుంటే నిరాశ తప్పదనుకుంటే పొరపాటు. కెప్టెన్ అమెరికా సహచరుడు బకీ చనిపోయే ఉండాలన్నది అభిమానుల్లో అలిఖిత శాసనం. 2005లో ఎడ్ బ్రూబేకర్, స్టీవ్ ఎప్టింగ్ ఆ శాసనాన్ని ఉల్లంఘించి బకీని వింటర్ సోల్జర్‌గా తెచ్చారు. పాఠకులు నెత్తిన పెట్టుకున్నారు. ఆ తిరిగిరాక పాత మరణాన్ని తేలిక చేయలేదు. బకీ పోయాడని కెప్టెన్ మోసిన అపరాధభావం ఇంకా బరువెక్కింది.

అదే రోజుల్లో, 2004-05లో, వచ్చిన ‘సిన్స్ పాస్ట్’ కూడా గతాన్నే తిరగరాసింది. చనిపోయిన గ్వెన్ స్టేసీకి ఆస్‌బర్న్‌తో కవలలు పుట్టారని చెప్పింది. పాఠకులు ఛీకొట్టారు. 2021లో మార్వెల్ దాన్ని వెనక్కి తీసుకుంది. రెండు కథలూ పాతదాన్ని మార్చాయి. ఒకటి పాత సంచికలను మళ్లీ చదవాలనిపించేలా చేసింది, రెండోది పాత సంచికలను తలచుకుంటేనే చేదనిపించేలా చేసింది.

‘అల్టిమేటమ్’ ఇంకో పాఠం. 2000లో మార్వెల్ వేరుగా మొదలుపెట్టిన మొదటి అల్టిమేట్ లోకానికి పాత భారం ఏమీ లేదు, ఏ మార్పైనా నిజంగానే చేయవచ్చు. 2008-09లో జెఫ్ లోబ్, డేవిడ్ ఫించ్ ఆ లోకంలో న్యూయార్క్‌ను ముంచి డజన్ల కొద్దీ పాత్రలను చంపారు. చావుల్లో చాలావరకు శాశ్వతమే, అయినా పాఠకుణ్ని కదిలించలేదు. పర్యవసానం ఉంటే చాలు, బరువు దానంతటదే వస్తుందన్న నమ్మకం అక్కడ తేలిపోయింది.

మరోవైపు క్లోన్ సాగాలో దూరమైన బిడ్డ నుంచే ‘స్పైడర్-గర్ల్’ పుట్టింది. 1998లో టామ్ డిఫాల్కో, రాన్ ఫ్రెంజ్ ఆ పాప పెరిగి పెద్దదైతే ఎలా ఉంటుందో రాశారు. ఆపేస్తామని సంస్థ పలుమార్లు ప్రకటించినా పాఠకుల పట్టుదలతో ఆ పత్రిక 2006 దాకా నూరు సంచికలు నడిచింది.

ఇంకా తేలనివి

మొదటిది అమ్మకాలకూ తృప్తికీ సంబంధం. నిరాశపరిచిన ధారావాహికల్లో చాలావరకు బాగా అమ్ముడైనవే. దుకాణం ఆర్డరే లెక్క అయినంతకాలం, కోపంతో కొన్న కాపీకీ ప్రేమతో కొన్న కాపీకీ తేడా తెలియదు.

రెండోది పాత్ర ఎవరిదన్న ప్రశ్న. చట్టం ప్రకారం సంస్థది. సృష్టించినవాళ్లకు దక్కింది చాలాసార్లు స్వల్పం. నలభై ఏళ్లు డబ్బు పెట్టి చదివిన పాఠకుడికి ఏమైనా హక్కుందా? ఉందంటే జేసన్ టాడ్ ఓటు లాంటిది మళ్లీ పెట్టాలా? లేదంటే ‘స్పైడర్-గర్ల్’ను నిలబెట్టిన పట్టుదలను ఏమనాలి?

మూడోది ఏ పాఠకుడి నిరాశ లెక్కలోకి వస్తుందన్నది. గట్టిగా మాట్లాడే పాత అభిమాని కోపం వినిపిస్తుంది. కైల్‌తో మొదలుపెట్టిన కుర్రవాడి సంతోషం, ఫ్రిజ్ ఘట్టం చూసి పుస్తకం మూసేసిన అమ్మాయి మౌనం వినిపించవు. ఇప్పటిదాకా జరిగిన చర్చలో అతిపెద్ద లోటు ఇదే.

తీర్పు

నాలుగు వాదాల్లో ఏ ఒక్కటీ ఒంటరిగా నిలబడదు. అయినా పై ఉదాహరణలన్నింటినీ పక్కపక్కన పెడితే ఒక విషయం స్థిరంగా కనిపిస్తుంది. పాఠకులు మరణాన్ని క్షమించారు, కొత్త హీరోను క్షమించారు, ఏళ్ల తరబడి ఆలస్యాన్ని కూడా క్షమించారు. తాము చదివినదానికి విలువ లేదని చెప్పిన కథను మాత్రం క్షమించలేదు. బకీ తిరిగిరాక చదివిన కాలానికి విలువ పెంచింది. పీటరే క్లోన్ అన్న మలుపు, మే పెద్దమ్మ మరణాన్ని నటి మీదకు నెట్టడం, దయ్యంతో పెళ్లిని తుడిపించడం ఆ విలువను తీసేశాయి. గతాన్ని మార్చే హక్కు ప్రతి కొత్త రచయితకూ ఉంది. ఆ మార్పు తర్వాత పాత సంచిక మళ్లీ తెరవాలనిపిస్తుందా లేదా అన్నదే దానికి సరైన పరీక్ష.

పాఠకుల బాధ్యతా తక్కువ కాదు. ప్రకటన చూసి కోప్పడకుండా కథ చదివి తీర్పు చెప్పాలి. నచ్చని ధారావాహికను కోపంతో కొనడం ఆపాలి, నచ్చినదాన్ని మొదటి సంచిక నుంచే కొనాలి. ‘స్పైడర్-గర్ల్’ నూరు సంచికలు నడిచింది పాఠకులు అలా నిలబడ్డారు కాబట్టే.